పేరు నెత్తుటికి సాక్ష్యం కాదు

ఎఫ్రాయిము. తెలుగు క్రైస్తవులు పిల్లలకు పెట్టుకునే పేర్లలో ఒకటి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మాత్రం అది ఒక సమూహానికే పేరు. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో బాప్టిస్టు క్రైస్తవం నుంచి యూదు ఆచారాలకు మళ్లాయి. శనివారం సబ్బాతు పాటిస్తూ తాము ‘బెనె ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటున్నాయి. ఏ దేవుణ్ని కొలవాలో తేల్చుకునే హక్కు వాళ్లది. ఆ హక్కు వైపే నేను నిలబడతాను. అయినా ఒక పేరు మూడు వేల ఏళ్ల వంశాన్ని రుజువు చేస్తుందా అని అడగక తప్పదు.

ఆదికాండం ప్రకారం ఐగుప్తులో యోసేపుకు ఆసెనతు వల్ల ఇద్దరు కొడుకులు. కష్టపడిన దేశంలోనే దేవుడు తనను ఫలింపజేశాడని రెండోవాడికి ఎఫ్రాయిము అని పెట్టాడట. ‘ఫలించు’ అనే హీబ్రూ ధాతువుతో ఈ పేరుకు పోలిక ఉన్నమాట నిజమే. కానీ చివర ఉన్న ‘ఆయిం’ హీబ్రూలో ఊళ్ల పేర్లకూ దేశాల పేర్లకూ తగిలేది. మహనయీము అలాంటిదే. ఐగుప్తుకు హీబ్రూ పేరు మిస్రాయిం. బైబిల్లోనే ఎఫ్రాయిము మన్యం ప్రస్తావన పదే పదే వస్తుంది. అందుకే మొదట అది కొండసీమ పేరనీ, తర్వాత అక్కడి జనానికి వచ్చిందనీ, మూలపురుషుడి కథ ఆ పైన అల్లుకుందనీ చాలామంది పండితుల అభిప్రాయం. లేపాక్షికి మనం రాముడి నోట ‘లే పక్షీ’ అనిపించినట్టే.

ఆ కథల్లో అధికారం జాడ కూడా ఉంది. తాత యాకోబు చేతులు అడ్డంగా మార్చి, పెద్దవాడు మనష్షేను కాదని చిన్నవాడి తలమీద కుడిచెయ్యి పెట్టాడంటారు. ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు తొలి రాజు యరొబాము ఎఫ్రాయిమీయుడే. హోషేయ ప్రవక్త ఆ రాజ్యం మొత్తాన్నీ తరచూ ఎఫ్రాయిము అని పిలుస్తాడు. తెగ బలపడ్డాక ఆ బలానికి తాత దీవెన తోడైంది.

పేరుతో పాటు నాలుకా మనిషిని పట్టిస్తుంది. న్యాయాధిపతుల గ్రంథంలో ఎఫ్రాయిమీయులను ఓడించిన గిలాదువాళ్లు యొర్దాను నది రేవులు పట్టుకుని, దాటబోయేవాళ్లను ‘షిబ్బోలెతు’ అనమంటారు. కంకి అని అర్థం. ‘సిబ్బోలెతు’ అన్నవాడు ఎఫ్రాయిమీయుడని తేలిపోతాడు, అక్కడే నరికేస్తారు. చచ్చినవాళ్లు 42,000 అంటుంది ఆ గ్రంథం. ఆ అంకెను నేను నమ్మను. ఆ పరీక్షను నమ్ముతాను. మన బడుల్లో ‘శాంతి’ని ‘సాంతి’ అన్న పిల్లవాడి కులం వెతికే నవ్వు నేను విన్నాను.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సీరియన్లు ఉత్తర రాజ్యాన్ని కూల్చారు. 27,290 మందిని తరలించామని రెండో సర్గోను తన శాసనంలో చెప్పుకున్నాడు. వెళ్లినవాళ్లు వెళ్లినచోటి జనంలో కలిసిపోయారు. ఎందరో అక్కడే ఉండిపోయారు. ఎఫ్రాయిము కూడా ఉన్న ‘తప్పిపోయిన పది గోత్రాలు’ అన్నది, వెళ్లినవాళ్ల జాడ లేని ఆ ఖాళీని నింపిన విశ్వాసం. ఆ గోత్రాలవాళ్లు కృష్ణా తీరానికి చేరారనడానికి శాసనం లేదు, తవ్వకాల్లో దొరికిన ఆనవాలూ లేదు.

మరి కొత్తరెడ్డిపాలెంలో ఈ నమ్మకం ఎందుకు నిలిచింది? ఊరి బయట గూడెంలో పెట్టి, పుట్టుకనే నేరం చేసిన సమాజం మనది. మాదిగలు జాంబవంతుణ్ని ఆదిపురుషుడిగా చెప్పుకునే జాంబపురాణం కూడా ఆ అవమానానికి ఎదురు నిలిచిన కథే. ఆ బాధ నిజం, ఆ ఆత్మగౌరవం న్యాయం. కానీ గొప్ప వంశం చూపించి గౌరవం అడిగితే, పుట్టుకను బట్టే మనిషి విలువ అన్న కులసూత్రాన్ని మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. ‘నీదే వంశం?’ అని అడిగేవాడు యొర్దాను రేవులో కత్తి పట్టుకు నిలబడ్డ కాపలావాడే. ఆ కాపలా ఎత్తేసేదాకా ఏ జవాబూ మనిషిని ఒడ్డుకు చేర్చదు.