ఇంటి కార్ బిల్డ్‌కి మొదటి అప్‌గ్రేడ్ ఏంటి? నన్నడిగితే మైక్రోమీటర్!

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనం ముందు చూసేది స్పెక్ షీటే. ఏ చిప్, ఎంత ర్యామ్, ఎన్ని మెగాపిక్సెల్స్. పాత కారు ఇంజిన్ విప్పి ఇంట్లోనే బిల్డ్ చేద్దామని దిగేవాళ్లకీ ఇదే అలవాటు. పెద్ద థ్రాటిల్ బాడీ, కోల్డ్ ఎయిర్ ఇంటేక్, ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్, ప్రోగ్రామబుల్ ఈసీయూ... చూస్తుండగానే కార్ట్ నిండిపోతుంది. కానీ సిలిండర్ ఎంత అరిగిందో కొలిచారా అంటే సమాధానం ఉండదు.

నేను పగలు కోడ్ రాస్తాను. వీకెండ్స్‌లో ఒక ఫ్రెండ్‌తో కలిసి కార్బ్యురేటర్ మారుతీ 800 ఇంజిన్‌ని మళ్లీ కడుతున్నాను. బండి రోడ్డెక్కదు, ట్రైలర్ మీద ట్రాక్‌కి తీసుకెళ్లడానికే. ఈ పనిలో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది: బడ్జెట్‌లో మొదటి రూపాయి కొలతలకీ, లేత్ వర్క్స్‌కీ వెళ్లాలి. మెరిసే పార్ట్స్ సంగతి తర్వాత.

సీసీ లెక్క ఒకసారి చూడండి

ఈ 800లో ఉండేది ఎఫ్8బీ ఇంజిన్. 3 సిలిండర్లు, బోర్ 68.5 మి.మీ., స్ట్రోక్ 72 మి.మీ., మొత్తం 796 సీసీ. ఇంజిన్ "బోర్‌కి వచ్చింది" అని మెకానిక్ తేల్చాక చేసేది రీబోర్. అంటే సిలిండర్‌ని కొద్దిగా పెద్దది చేసి, ఆ సైజుకి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. "సీసీ పెరుగుతుంది కదా, పవర్ వస్తుంది" అని చాలామంది సంబరపడతారు. 0.5 మి.మీ. పెంచి 69 మి.మీ. చేస్తే వచ్చేది దాదాపు 808 సీసీ. పెరిగింది 12 సీసీ, ఒకటిన్నర శాతం!

మరి రీబోర్ తర్వాత బండి ఎందుకంత హుషారుగా లాగుతుంది? అరిగిన సిలిండర్ గుండ్రంగా ఉండదు. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది, కింద తక్కువ. దాంతో రింగులు సరిగ్గా సీల్ చేయలేవు. కంప్రెషన్ కిందకి జారిపోతుంది, ఆయిల్ పైకెక్కి కాలి నీలం పొగ వస్తుంది. బోరింగ్, హోనింగ్ చేశాక సిలిండర్ మళ్లీ గుండ్రంగా అవుతుంది, ఎప్పుడో పోయిన పవర్ తిరిగొస్తుంది. ఇంటేక్‌కి, ఎగ్జాస్ట్‌కి వేలు పోసినా సిలిండర్ లీక్ అవుతుంటే ఆ డబ్బంతా పొగే.

పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే గ్యాప్ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. అంటే తలవెంట్రుక మందం కంటే తక్కువ. అది ఎక్కువైతే పిస్టన్ చప్పుడు చేస్తుంది, తక్కువైతే వేడికి వ్యాకోచించి పట్టేస్తుంది. ఫోన్‌లోని లైడార్ స్కాన్ ఇక్కడ పనికిరాదు. ఇంజిన్ బేలో ఎక్కడ ఎంత చోటుందో చూసుకోవడానికి బాగుంటుంది కానీ, దాని తేడా మిల్లీమీటర్లలో ఉంటుంది. ఇక్కడ కావాల్సింది బోర్ డయల్ గేజ్, మైక్రోమీటర్, వాటిని చదవగలిగే చెయ్యి.

విజయవాడ ఆటోనగర్‌లో మేం బ్లాక్ పట్టుకెళ్లిన షాపులో పెద్దాయన మొదట రేటు చెప్పలేదు. "పిస్టన్లు తెచ్చారా బాబూ? పిస్టన్ కొలవకుండా బోర్ కొడతానన్నవాడి దగ్గరికి ఎప్పుడూ వెళ్లకండి" అన్నారు. ఓవర్‌సైజ్ అని డబ్బా మీద రాసున్నా ఒక్కో పిస్టన్ సైజులో చిన్న తేడా ఉండొచ్చు. అందుకే చేతిలో ఉన్న పిస్టన్‌ని కొలిచి, దానికి తగ్గట్టు సిలిండర్ కొట్టాలి. ఏ యూట్యూబ్ రివ్యూ కంటే నాకు ఈ ఒక్క మాటే ఎక్కువ పనికొచ్చింది.

"కొంచెం ఎక్కువే కొట్టేయండి" అనకండి

కంప్రెషన్ రేషియో పెంచడానికి బ్లాక్ పైభాగాన్నో, హెడ్డునో ఫేసింగ్ చేయించడం పాత పద్ధతి. దీన్నీ లెక్కతోనే చేయాలి. మీ ఇంజిన్ రేషియో 8.7 అనుకుందాం. బ్లాక్ మీద 0.5 మి.మీ. తీస్తే ఒక్కో సిలిండర్‌లో దాదాపు 1.8 సీసీ ఖాళీ తగ్గి, రేషియో 9.1 దాటుతుంది. అర మిల్లీమీటరుకే ఇంత మార్పు. ఇంకా తీస్తే నాకింగ్ మొదలవుతుంది. పిస్టన్ ఎంత పైకొస్తుంది, వాల్వులకి ఎంత దూరం మిగులుతుంది, టైమింగ్ బెల్ట్ పొజిషన్ ఎంత కదులుతుంది, ఇవన్నీ మారతాయి. తీసిన మెటల్‌ని మళ్లీ పెట్టలేం. కోడ్‌లో ఉన్నట్టు ఇక్కడ అన్‌డూ బటన్ ఉండదు.

3డీ ప్రింటర్‌కి చేతనైన పని

మాలాంటి వాళ్లకి అసలు కిక్ ఫ్యాబ్రికేషన్‌లో ఉంది. కార్బ్యురేటర్ ఉన్న చోట థ్రాటిల్ బాడీ కూర్చోవాలంటే మధ్యలో ఒక అడాప్టర్ ప్లేట్ కావాలి. క్యాడ్‌లో గీసి, ఇంట్లో ప్రింట్ చేసి బిగించేస్తే అయిపోతుందా? పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో మన ఎండకి బానెట్ కింద వేడి దాన్ని సులభంగా దాటేస్తుంది. ప్లేట్ కాస్త వంగినా చాలు, సందులోంచి అదనపు గాలి లోపలికి పోతుంది. మిక్చర్ లీన్ అవుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది. అంటే ప్లాస్టిక్ ముక్క చేసిన తప్పుకి పిస్టన్ బలవుతుంది.

అలాగని ప్రింటర్ పక్కన పెట్టక్కర్లేదు. పీఎల్ఏలో నమూనా ప్రింట్ చేసి బోల్ట్ హోల్స్ కలుస్తున్నాయో లేదో చూసుకోండి. రెండుమూడు సార్లు సరిచేశాక అదే ఫైల్‌ని సీఎన్‌సీ షాపులో ఇచ్చి అల్యూమినియంలో కట్ చేయించండి. చేతికొచ్చాక స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్‌తో సమతలంగా ఉందో లేదో చెక్ చేయండి. మా ప్లేట్ ఇలాగే తయారైంది. ప్లాస్టిక్ మీద నాకు చులకన లేదు. కంపెనీ కార్లలో గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ ఇంటేక్ మానిఫోల్డులు మామూలే. ఏ మెటీరియల్ ఎంత వేడిని తట్టుకుంటుందో తెలిసి వాడాలి, అంతే.

ఈసీయూ ఆఖర్న

స్పీడుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఉంది, ఆర్డుయినో మెగా మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది పండగే. ఫ్యూయల్ టేబుల్ మనమే రాసుకోవచ్చు, లాగ్స్ చూసుకోవచ్చు. పైగా ఇప్పుడు బంకుల్లో ఈ20 వచ్చింది. మామూలు పెట్రోల్‌కి సరిపోయే గాలి-ఇంధనం నిష్పత్తి 14.7 అయితే, ఈ20కి అది దాదాపు 13.5. పాత కార్బ్యురేటర్ జెట్‌కి ఆ తేడా తెలియదు, ఈసీయూలో అయితే సరిదిద్దొచ్చు. కానీ ఒక సిలిండర్‌లో కంప్రెషన్ లీక్ అవుతుంటే, ఎంత మంచి టేబుల్ రాసినా అది జబ్బు ఇంజిన్‌కి వేసిన ట్యూనే. హార్డ్‌వేర్ బగ్‌ని సాఫ్ట్‌వేర్‌తో దాచిపెట్టడం ఎక్కడికి దారితీస్తుందో మన ఫీల్డ్‌లో వేరే చెప్పక్కర్లేదు.

"ఈ గోలంతా ఎందుకు బ్రో? 40 హార్స్‌పవర్ కూడా లేని ఇంజిన్ అది, పెద్ద ఇంజిన్ స్వాప్ వేసెయ్" అంటారు. పవర్ మాత్రమే కావాలంటే అది సరైన మాటే. కానీ స్వాప్‌కి వచ్చేది కూడా వాడేసిన ఇంజినే. దాన్నీ విప్పి కొలవాల్సిందే. అదీగాక రోడ్డు మీద తిరిగే బండికి చట్టం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి రోజూ వాడే బండి మీద ఏ మార్పు చేయాలన్నా ముందు ఆర్‌టీవో ఆఫీసులో కనుక్కోండి.

బీటెక్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇంకో మంచి దారి ఉంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే మీద జరిగే ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో పెట్రోల్ ఇంజిన్ లోపలికి వెళ్లే గాలంతా 20 మి.మీ. రెస్ట్రిక్టర్ గుండానే పోవాలి. ఎంత ఖరీదైన పార్ట్ కొన్నా ఆ రంధ్రం పెరగదు. డిజైన్, కొలత, ఫినిషింగ్ మాత్రమే గెలిపిస్తాయి.

మీ దగ్గర ఇప్పటికే పార్ట్స్ నిండిన కార్ట్ ఉంటే చెక్ అవుట్ కొట్టకండి. ముందు ఒక కంప్రెషన్ గేజ్ సంపాదించి, అన్ని సిలిండర్ల రీడింగ్స్ కాగితం మీద రాసుకోండి. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ ప్లగ్ హోల్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే అనుమానం రింగుల మీద, పెరగకపోతే వాల్వుల మీదో హెడ్ గ్యాస్కెట్ మీదో. కార్ట్‌లో ఏం ఉంచాలో, ఏం తీసేయాలో ఆ కాగితమే చెబుతుంది.