సీసా విలువ వేరు, కాలేయం లెక్క వేరు

స్కాట్లాండులోని డిస్టిలరీల నుండి విస్కీ పీపాలను కొని, ఒక్కొక్క పీపాను విడిగా సీసాలకెత్తి, తమ పేరుతో అమ్మే స్వతంత్ర సంస్థలున్నాయి. ఎల్గిన్ పట్టణంలో 1895లో మొదలైన గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ అటువంటి సంస్థగానే పేరు తెచ్చుకుంది. ఒక పీపాకు వచ్చేవి కొన్ని వందల సీసాలే. ఆ కొరతే సేకరణదారుల మోజుకు మూలం.

ఆ అభిరుచిని నేను తప్పుపట్టను. మూత తీయని సీసా ఎవరి కాలేయాన్నీ చెరచదు. లేబుల్‌పై ఉన్న మాటలను ఆరోగ్యానికి హామీగా చదువుకోవడమే నా అభ్యంతరం. ‘రంగు కలపలేదు’, ‘చల్లబరచి వడకట్టలేదు’ అన్నవి రూపానికీ రుచికీ సంబంధించినవి మాత్రమే. మీరు చూడవలసినది ఆల్కహాలు శాతం. మామూలు స్కాచ్‌లో అది సాధారణంగా 40. నీరు కలపకుండా పీపా నుండి నేరుగా నింపిన దానిలో తరచుగా 55 నుండి 60. అంటే, 60 శాతం విస్కీ రెండు పెగ్గులు మామూలు స్కాచ్ మూడు పెగ్గులతో సమానం. గ్లాసులో నీరు పోసినంత మాత్రాన అందులోని ఆల్కహాలు తగ్గిపోదు.

పాతికేళ్ళు ఓకు పీపాలో మాగినా ఆల్కహాలు ఆల్కహాలే. అది క్యాన్సర్ కారకమనడంలో శాస్త్రానికి సందేహం లేదు. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

కనుక పాఠకులారా, ముచ్చటపడి కొన్నా, ఎవరైనా కానుకగా ఇచ్చినా, ఆ సీసాను అలమారులోనే ఉండనివ్వండి. కాలేయ వ్యాధి ఉన్నవారు, మధుమేహానికో రక్తపోటుకో మందులు వాడుతున్నవారు మరీ ముఖ్యంగా.