నోటీసు ఎవరికి ఇస్తున్నారు?

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మన హాస్టల్లో చాలామందిమి అన్నయ్యలు పంపే డబ్బుతోనే చదువుతున్నం. ఆ అన్నయ్య ఎక్కడో ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద ఉంటడు. పని పోయిందని అతనికి ఎప్పుడు తెలుస్తుంది? గేటు దగ్గర. "రేపట్నుంచి రావద్దు" అంటరు, అంతే. మనవాళ్లు దీన్ని తలరాత అనుకుంటున్నరు. చట్టం రాసిన తీరే అట్లుంది.

300 మంది దాటిన ఫ్యాక్టరీ, గని, తోట మూయాలంటే ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని 1976లో చట్టం చేశారు. తర్వాత ఆ సంఖ్యను 100కి దించారు. 2020లో తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మళ్లీ 300 చేసింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అనుమతి అడిగాక ప్రభుత్వం 60 రోజులు నోరు మెదపకపోతే, ఇచ్చినట్టే లెక్క!

అంతకన్నా చిన్న ఫ్యాక్టరీ అయితే? 50 మంది ఉంటే మూసే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎవరికి? ప్రభుత్వానికి. పని పోయేది మనకు, కాగితం పోయేది ఆఫీసుకు. ఒక్కొక్కరిని తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి, నిజమే. కానీ ఏడాది సర్వీసు నిండాలి. కాంట్రాక్టర్ పేరు మారుస్తూ పోతే ఆ ఏడాది నిండినట్టు మనం ఎట్ల చూపించాలి? గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగమైతే, గడువు అయిపోయి ఇంటికి పంపడం తొలగింపు కిందికే రాదు.

ముందే చెప్పాలంటే పరిశ్రమలు రావంటరు. మరి అదే కోడ్ ప్రకారం మనం సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కదా? అమెరికాలో 1989 నుంచే 100 మంది దాటిన కంపెనీ మూతకు 60 రోజుల ముందు కార్మికుడికో, అతని యూనియన్‌కో చెప్పాలి. అక్కడ కంపెనీలు లేకుండా పోయాయా?

ఏజెన్సీలో భూమి తీసుకునే ముందు పెసా చట్టం ప్రకారం గ్రామసభను సంప్రదించాలి. ఆ భూమిలో కట్టిన ఫ్యాక్టరీ మూసేటప్పుడు మాత్రం గ్రామసభకు ఒక్క ముక్క చెప్పాలని లేదు. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఆగితే లోపల పనిచేసేవాళ్లే కాదు, కర్ర లోడు ఎత్తేవాళ్లు, టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు కూడా రోడ్డున పడతరు. వాళ్లకు ఏ నోటీసూ లేదు.

మనం అడగాల్సినవి మూడు. కాంట్రాక్టు కూలీకి కూడా అతని చేతికే, అతనికి అర్థమయ్యే భాషలో నోటీసు ఇవ్వాలి. కాంట్రాక్టర్ మారినా సర్వీసు కలిపి లెక్కపెట్టాలి. ఏజెన్సీలో మూత నోటీసు గ్రామసభకూ రావాలి.

ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అన్నయ్యల అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పు, పీఎఫ్ నంబరు ఫోనులో ఫోటో తీసి దాచండి. అవి లేకపోతే మనోళ్లు అక్కడ పనిచేసినట్టే ఉండదు. రెండు నెలల ముందు తెలిస్తే ఇంకో పని వెతుక్కోవచ్చు, చెల్లి చదువు ఆపకుండా చూసుకోవచ్చు. మనం అడిగేది దానం కాదు, ఆ రెండు నెలలు.

జై ఆదివాసీ!