మన కార్టూన్లకు విజ్ఞాన సర్వస్వంలో చోటుందా?
– ఒక పూర్వ విద్యార్థి

ఒకప్పుడు మన హాస్టల్ గోడపత్రికకే పరిమితమైన కార్టూన్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల ద్వారా ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. సంత బేరాలు, ఘాట్ రోడ్డు బస్సు ప్రయాణాలు, మెస్‌లో నీళ్ల సాంబారు – అన్నిటి మీదా మన తమ్ముళ్లు, చెల్లెళ్లు బొమ్మలు గీస్తున్నారు. కొన్నిటిలో మాటలు తెలుగులో కాక మన కోటియాలోనే ఉంటున్నాయి. ఈ వార్షికోత్సవం సందర్భంగా వీటిపై తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం పెడదామని కొందరు ఉత్సాహపడుతున్నారు. ఆ ఉత్సాహం మెచ్చుకోదగినదే. కానీ నా అభిప్రాయం మాత్రం "ఇప్పుడే వద్దు" అని.

"చోటుకేం కరువు?" అని మీరు అడగవచ్చు. నిజమే. కొమర్రాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం వంటి అచ్చు సంపుటాలకు పేజీల లెక్క ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆ లెక్క లేదు. అయితే అక్కడి నియమం చోటు కోసం పెట్టింది కాదు, సాక్ష్యం కోసం పెట్టింది. ఒక విషయం గురించి దానితో సంబంధం లేనివారు, నమ్మదగిన చోట, కాస్త వివరంగా రాసి ఉండాలి. చదివేవాడు దాన్ని సరిచూసుకోగలగాలి. మన గురించి మనమే రాసుకుని, దానికి రుజువుగా మళ్లీ మన మాటే చూపిస్తే అది సొంత డప్పు అవుతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. 2006, 2007 ప్రాంతంలో ఇంగ్లీషు వికీపీడియా నుండి ఎన్నో వెబ్ కార్టూన్ల వ్యాసాలను తొలగించారు. "మాకు వేలాది పాఠకులున్నారు, పత్రికలు రాయకపోతే మా తప్పా?" అని చిత్రకారులు మండిపడ్డారు. అదే కాలంలో రాండల్ మన్రో అనే అమెరికా యువకుడు పాత నోటుబుక్కుల్లో గీసుకున్న బొమ్మలను స్కాన్ చేసి 2005లో ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. పుల్లల్లాంటి మనుషుల బొమ్మలే! వాటి గురించి ఇతరులు రాశారు, చర్చించారు. 2014లో ఆయనకు హ్యూగో అవార్డు కూడా వచ్చింది. ఆయన బొమ్మలకు విజ్ఞాన సర్వస్వంలో చోటు దక్కింది ఇతరులు వాటి గురించి రాయబట్టే.

ఇక్కడే మన బాధ ఉంది. మన గురించి రాసేదెవరు? గర్భిణిని డోలీలో మోసుకొస్తే విలేకరి వస్తాడు. వాగు పొంగితే వస్తాడు. పిల్లవాడు మంచి బొమ్మ గీశాడని కొండెక్కి వచ్చేవారు అరుదు. నియమం అందరికీ ఒకటే అయినా, పట్నం పిల్లలకు సాక్షులు దొరికినంత సులువుగా మనకు దొరకరు. ఈ అన్యాయాన్ని నేను కాదనను. కానీ దానికి మందు నియమాన్ని తప్పించుకోవడం కాదు, సాక్ష్యాన్ని తయారుచేసుకోవడం.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషపై వారి గ్రంథం అచ్చయింది. సవర గురించి నేడు ఎవరు రాయాలన్నా చూపించడానికి ఆ పుస్తకం ఉంది. అలాగే తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు గారి బొమ్మలు "భారతి" పత్రికలో అచ్చయ్యాయి. ఆ సంచికలు మిగిలాయి కాబట్టే తరువాతి తరం కార్టూనిస్టులు ఆయన్ను వెతికి పట్టుకోగలిగారు. ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. మరి మన బొమ్మలో? ఫోను పాడైతే వాటితోపాటే పోతాయి.

కాబట్టి మిత్రులారా, నా సూచనలు ఇవి. ప్రతి ఏడూ ఈ సంచికలో నాలుగు పేజీలు కార్టూన్లకు కేటాయించండి. బొమ్మ కింద గీసినవారి పేరు, తరగతి, తేదీ, భాష తప్పక వేయండి. కోటియా మాటలకు తెలుగు అర్థం ఇవ్వండి. ఒక్కో ప్రతిని విశాఖలోనూ పాడేరులోనూ గ్రంథాలయాలకు పంపండి. పక్క హాస్టల్ పిల్లలు గీసిన బొమ్మలు మీకు నచ్చితే, ఎందుకు నచ్చాయో మీరు రాయండి. మీవి నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో వారిని రాయమనండి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు అచ్చు ఖర్చులో చేయి కలపాలి.

దాచిపెట్టడం గొప్పలు చెప్పుకోవడం కాదు. మన పని మనం దాచుకుంటే, దాన్ని తూచి రాసేవాడు రేపైనా వస్తాడు. ఆనాడు వ్యాసం పెడితే దాన్ని ఎవరూ తొలగించలేరు. ఏమీ దాచుకోకుండా ఈరోజే పెడితే, అది పోయాక చూపించుకోవడానికి మన దగ్గర బొమ్మ కూడా మిగలదు.