గణితమున తప్పుచున్నదెవరు?

మొదటి సెమిస్టరు ఫలితములు వెలువడినప్పుడెల్ల గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పట్టణములలో ఒక మాట వినవచ్చుచుండును: "ఈ ప్రాంతపు పిల్లలకు గణితము ఎక్కదండీ." ఈ మాట పొరుగు జిల్లాలవారు అన్నచో మనము కోపగించుకొందుము. దీనిని కళాశాలలో పాఠము చెప్పువారనుచున్నారు. పిల్లలను చేర్పించిన తండ్రులనుచున్నారు. తప్పిన విద్యార్థులు సయితము తలవంచుకొని ఇదే వల్లించుచున్నారు. నిందను నిందితుడే ఒప్పుకొన్న పిమ్మట విచారణ యెవరికి కావలెను? మేమీ నిందను ఒప్పుకొనము.

ఇట్టి మాటలు మనకు క్రొత్త కావు. తెలంగాణములో కవులు లేరని ఒకనాడొకరనిరి. గద్వాల సీమలోని ఇటికాలపాడు వాస్తవ్యుడు, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు కోపముతో బదులు చెప్పలేదు. ఊరూర వెదకించి, 354 మంది కవులను 1934లో ఒక సంచికగా అచ్చొత్తించి చేతికిచ్చిరి. ఇక గణితమందురా, పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. లెక్క తెలుగువానికి ఎక్కదనుట చరిత్ర నెరుగనివారి మాట.

మరి పిల్లలు తప్పుచున్న మాట అబద్ధమా? కాదు. ఏల తప్పుచున్నారో చూడుడు. ఒకటి బై ఎక్స్ అను ప్రమేయమునకు నిర్వచనమునుండి అవకలజమును కనుగొనుమని అధ్యాపకుడు నల్లబల్లపై వ్రాయును. అవధి యననేమో విద్యార్థికి తెలిసియే యుండవచ్చును. జూరాల ఆనకట్టవద్ద నీరు ఎంత వేగముగా ఎక్కుచున్నదో తెలియుటకు గంట యెడముతో, పది నిమిషముల యెడముతో, నిమిషపు టెడముతో కొలత తీయుచు పోయినచో చేరు విలువ యేదో అదియే అవకలజమని చెప్పిన, కృష్ణ యొడ్డు పిల్లవాడు ఇట్టే గ్రహించును. వాడు తడబడునది అచ్చట కాదు. మూడవ పంక్తిలో రెండు భిన్నములను తీసివేయవలసి వచ్చినప్పుడు తడబడును. ఆ భిన్నముల పాఠము అయిదవ తరగతిలో జరుగుచుండగా తల్లిదండ్రులు వలసపోయిరి; బిడ్డయు వారి వెంటపోయెను. పాలమూరు కూలి దేశమంతట ఆనకట్టలు కట్టెను. ఆ కట్టుటలో వాని బిడ్డ పోగొట్టుకొన్న పాఠముల పద్దు నెవరు వ్రాసిరి?

నేడు జోగులాంబ గద్వాల జిల్లాయైన భూభాగములో 2011 జనాభా లెక్కలనాటికి అక్షరాస్యులు నూటికి 50 మందికి లోపే. ఇట్టి సీమలో డిగ్రీ కళాశాల గడప తొక్కిన ప్రతి విద్యార్థియు నొక యుద్ధము గెలిచి వచ్చినవాడే. వానిని మొదటి ఆరు మాసములలోనే ఓడించి పంపుట కళాశాలకు కీర్తి యగునా?

భాషమాట యింకొకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నెలకొన్నప్పుడు తెలుగు బాలుడు గణితమును ఉర్దూలో నేర్వవలసి వచ్చెను. హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ పీఠము ఆంగ్లమున కబ్బెను. ఆంగ్లము నేర్వవలదని మేమనము. అది లేక ఉద్యోగము లేదని మాకును తెలియును. కాని పదునైదేండ్లు తెలుగులో ఆలోచించిన బుద్ధికి కంటిన్యుయిటీ యనగా అవిచ్ఛిన్నత యని ఒక్కసారి చెప్పినంతమాత్రమున ఏ విశ్వవిద్యాలయపు గౌరవము మాసిపోవును? తెలుగు అకాడమి 1968 నుండి పరిభాషను కూర్చి పెట్టినది. ఆ పుస్తకములు బీరువాలలో చెదలకు ఆహారమగుటకా?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో 1970ల నాటి సంగతి వినుడు. నల్లజాతి విద్యార్థులు కలనగణితములో విశేషముగా తప్పుచుండిరి. పట్టుదల లేదని కొందరు, పునాది లేదని కొందరు, ఇంట చదువు వాతావరణము లేదని కొందరు అధ్యాపకులు ఊహించిరి. మనవారు చెప్పు కారణములే! యూరీ ట్రైస్మన్ అను గణితజ్ఞుడు ఈ ఊహలను ప్రక్కకు నెట్టి, విద్యార్థుల గదులకు బోయి వారెట్లు చదువుచున్నారో కన్నులార చూచెను. నల్లజాతి విద్యార్థులు గంటలకొలది శ్రమించుచుండిరి, కాని ఒంటరిగా. చీనాజాతి విద్యార్థులు కలిసి కూర్చుండి ఒకరి లెక్క నొకరు దిద్దుకొనుచుండిరి. ఆయన చేసినదేమన, కఠినమైన సమస్యలనిచ్చి నలుగురైదుగురిని కలిపి కూర్చుండబెట్టుట. దానికి మందమతుల తరగతి యని పేరు పెట్టలేదు. ప్రతిభావంతులకు జరుపు గోష్ఠి యనెను. తప్పుదురనుకొన్నవారే తోటివారిని మించి మార్కులు తెచ్చుకొనిరి.

మన కళాశాలలలో జరుగుచున్నదేమి? ప్రవేశములు విడతలు విడతలుగా సాగును. కడపటి విడతలో చేరినవాడు వచ్చునప్పటికి మొదటి అధ్యాయము ముగియును. మొదటి సంవత్సరపు పాఠము పలుచోట్ల గంటకింత యని వేతనము పొందు అతిథి అధ్యాపకుని మెడకు తగులును. ఆయన తప్పేమియు లేదు. మరుసటి యేడు తానుందునో లేదో ఎరుగని మనుష్యుడు విద్యార్థి బలహీనతల నెట్లు గుర్తుంచుకొనగలడు? కడపట గైడు పుస్తకము వచ్చి పది ప్రశ్నలు కంఠస్థము చేయించును. ఆ పది రాకపోయిన నాడు మరల అదే మాట: ఎక్కదండీ!

మా కోరికలు పెద్దవి కావు. కళాశాలలో అందరికంటె అనుభవజ్ఞుడైన గణితాధ్యాపకుడు మొదటి సెమిస్టరునే చెప్పవలెను. గౌరవము పై తరగతులలోనే యున్నదను భ్రమ విడువవలెను. చేరిన వారములోనే భిన్నములు, ఘాతములు, బీజగణితము ఎవరికెంత వచ్చునో పరీక్షించి, లోటును ప్రధాన పాఠముతో పాటుగనే పూరింపవలెను. పునాది పేరిట ఏడాది వెనుకకు నెట్టవలదు. నెట్టబడినవారిలో పలువురు మరల రారు. కాలిఫోర్నియా రాష్ట్రము ఇందుకొరకే 2017లో శాసనము చేసెను. గోష్ఠులు పగటిపూటనే జరుగవలెను. అమ్రాబాదుకు పోవు బస్సు విద్యార్థిని కొరకు ఆగదు, చీకటిపడిన పిమ్మట ఆమెను ఇల్లు చేరుమనుట ధర్మముకాదు. పాలమూరు విశ్వవిద్యాలయము, 2008లో స్థాపితమైనది గదా, మొదటి సెమిస్టరు గణితములో ఎవరెంతమంది తప్పిరో కళాశాలలవారీగా ఏటేట ప్రకటింపవలెను.

ఇట్లు చేసిన ప్రమాణములు దిగజారునని కొందరందురు. ప్రశ్నపత్రమును సులభము చేయుమని మేమెక్కడ నంటిమి? కఠినముగనే ఉంచుడు, దానిని చేయుట నేర్పుడు. ధనము లేదని మరికొందరందురు. నలుగురు పిల్లలు ఒక బల్లచుట్టు కూర్చుండుటకు కావలసిన ధనమెంత?

మా చదువరులలో పింఛను పుచ్చుకొన్న గణితోపాధ్యాయులు పలువురు గలరు. పఠనాలయపు కార్యదర్శులును గలరు. మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడింటివరకు పఠనాలయము ఖాళీగనే యుండును. ఒక నల్లబల్లను గోడకు తగిలించి, సమీప కళాశాల ప్రిన్సిపాలుగారికి ఒక ఉత్తరము వ్రాయుడు. కార్డు చాలును.