ముక్కు సంగతీ చూడండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

మా బల్కంపేటలో జలుబంటే ఆవిరి పట్టమంటారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్న పిల్లలకు అది చాలదు. సీఎఫ్‌టీఆర్ జన్యులోపం వల్ల చీమిడి బంకలా చిక్కబడి సైనస్‌లలో పేరుకుంటుంది. ముక్కులో పాలిప్స్ అనే మెత్తటి కండలు పెరుగుతాయి. అక్కడ మకాం వేసిన సూడోమోనాస్ బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకీ దిగగలదు. ఆపరేషన్ చేయించినా కథ మళ్లీ మొదటికి రావచ్చు. అందుకే రోజూ ఉప్పునీటితో ముక్కు కడగాలి, అదీ కాచి చల్లార్చిన నీళ్లతోనే.

ఈ జబ్బుకు 2019లో అమెరికా అనుమతించిన మూడు మందుల మాత్ర సైనస్ బాధనూ తగ్గిస్తోంది. ధర మాత్రం సామాన్యుడికి అందదు.

అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద పంజాగుట్ట నిమ్స్ ప్రత్యేక కేంద్రమే కదా. ఊపిరితిత్తుల డాక్టరూ, ఈఎన్‌టీ డాక్టరూ ఈ పిల్లలను ఒకే రోజు కలిసి చూసేలా చేయండి. ముక్కు కడిగే సీసా, ఉప్పు పొట్లాలు ఉచితంగా ఇప్పించండి. వీటికి కోట్లు అక్కర్లేదు.

ఇట్లు,
బల్కంపేట వాసి