ఆ పెయ్య తండ్రి ఎవరు?

పోయిన నెల ఓ రోజు తెల్లారకుండానే అమ్మ ఫోన్. "ఒరే, మన పెయ్య ఎదకొచ్చీసింది. ఒకటే అరుపు. సూది వేయించాల, నువ్వు రా."

నేనుండేది పలాసలో. మా ఊరు వజ్రపుకొత్తూరు వైపు. బండి తీశాను.

దీనికింత హడావుడి ఏంటి అనుకుంటున్నారా? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా కొబ్బరిచెట్లనీ జీడితోటనీ పడగొట్టాక, రోజూ ఇంట్లోకి నాలుగు రూపాయలు తెచ్చింది మా ఆవొక్కటే. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. పాలు మాత్రం పొద్దున్నా సాయంత్రం వస్తాయి. ఆ ఆవు కిందటేడు పోయింది. దాని కూతురే ఈ పెయ్య. ఈ ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి.

సూది వేసే ఆయన వచ్చారు. డబ్బా మూత తియ్యకముందే ఓ ప్రశ్న వేశారు.

"దీని తండ్రి నంబరేటి బాబూ?"

నేను తెల్లమొహం వేశాను.

తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. దేవుడి పేరున అచ్చు వేసి వదిలిన ఆంబోతు ఊళ్లో తిరిగేది. చేలో పడ్డా ఎవరూ కొట్టేవారు కాదు. 'అచ్చోసిన ఆంబోతు' అన్న తిట్టు అక్కడి నుంచే వచ్చింది. దూడ తండ్రి ఎవరో అందరికీ కళ్లెదుటే కనిపించేది. ఇప్పుడా తండ్రి పావు మిల్లీలీటరు పట్టే సన్నటి స్ట్రాలో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటాడు. ఒక్క ఆంబోతు నుంచి వేల స్ట్రాలు తయారవుతాయి. అంటే మీ దూడా, పక్కింటి దూడా అన్నాచెల్లెళ్లు కావచ్చు. గుర్తుపట్టడానికి ఉన్నదల్లా స్ట్రా మీద అచ్చేసిన నంబరే.

ఒంగోలు దగ్గర కరవది అనే ఊరుంది. 1960ల మొదట్లో మన ఒంగోలు జాతి ఆంబోతొకటి బ్రెజిల్ చేరింది. దాని పేరు ఆ ఊరి పేరే, కర్వాది. అక్కడ ఒంగోలు జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరే! నెలోర్ పశువుల వంశావళి తిరగేస్తే కర్వాది పేరు ఈరోజుకీ కనిపిస్తుంది. వియాటినా-19 అనే నెలోర్ ఆవు 40 లక్షల డాలర్లకు పైగా విలువతో గిన్నిస్ రికార్డుకెక్కింది. మన పశువుకి అక్కడ అంత విలువ రావడానికి మేత ఒక్కటే కారణం కాదు. ఏ దూడ ఎవరికి పుట్టిందో వాళ్లు తరాల తరబడి రాసి పెట్టుకున్నారు. మన దగ్గర చాలా ఇళ్లల్లో ఆ లెక్క నోటిమాటగానే ఉండిపోయింది.

నేను ఫోన్‌లో పాత ఫోటోలు వెతుకుతుంటే అమ్మ పశువులశాల చూరులో చెయ్యిపెట్టి ఏదో లాగింది. దుమ్ము పట్టిన చిన్న స్ట్రా!

"ఇదేనేటి చూడండి. మూడేళ్ల కిందట ఆవుకి సూదేసినప్పుడు పడీసినారు. ఏదో రాసున్నాదని దాచీసినాను."

అమ్మకి చదువు రాదు.

ఆయన స్ట్రాని చొక్కాకి తుడిచి చూశారు. తను తెచ్చిన నంబరు చూసుకున్నారు. ఒక్క నిమిషం మాట్లాడలేదు.

"అదే ఆంబోతమ్మా. వేసీసుంటే తండ్రికే కూతుర్నిచ్చినట్టయ్యేది."

అలా కలిపితే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పారు. దూడలు బలహీనంగా పుట్టొచ్చు, చనిపోవచ్చు. ముందు తరాల్లో పాలు తగ్గుతాయి, చూలు నిలవడం కష్టమవుతుంది. నష్టం వెంటనే కనపడదు కాబట్టి మనం మేతనో, మన రాతనో తిట్టుకుంటాం.

అక్కడి నుంచే పక్క ఊళ్లో సూది వేసే ఇంకొకరికి ఫోన్ చేసి, సాయంత్రానికి వేరే నంబరు తెప్పించారు. ఆలస్యమూ కాలేదు. పొద్దున్న ఎద కనపడితే సాయంత్రం వేయించడమే మంచిదట. 21 రోజులు దాటాయి, పెయ్య మళ్లీ ఎదకి రాలేదు. మూడో నెలలో చూడి పరీక్ష చేయించాలి.

మీ ఇంట్లో పశువుంటే ఈసారి ఓ పని చెయ్యండి. సూది వేయించిన రోజే స్ట్రా ఫోటో తీసి, తేదీతో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. మన ఫోన్లో వెయ్యి సెల్ఫీలున్నాయి, ఇదొకటి ఎక్కువేం కాదు.

నేనూ పెట్టాను. అమ్మకి చూపించి, "ఇంక చూరులో దాచక్కర్లేదమ్మా" అన్నాను.

కొత్త స్ట్రాని చూరులో గుచ్చుతూ అంది, "నీ ఫోన్ పోతే?"